చీటీలో మూడో వరస

కాశీబుగ్గలో ఆ నర్సింగ్ హోమ్‌కి
పన్నెండు మంచాలు, రాత్రికి నేనొక్కదాన్ని.

నాలుగో మంచం మీద ఢిల్లీశ్వరి, తొలికాన్పు.
జీడిపిక్కలు కొట్టే చేతులు.
నెల ముందే పని మానేసినా
గోళ్ళ చుట్టూ నలుపు వదల్లేదు.
మత్తు దిగి కళ్ళు తెరిచి
ఆడో మగో అడగలేదు,
"ఈ సేతుల్తో ముట్టుకోవచ్చా, సిస్టరమ్మా?" అంది.

పిల్ల అప్పటికే పక్క గదిలో ఉంది.
అందరి పిల్లలూ అక్కడే ఉంటారు, అదక్కడి పద్ధతి.
ఏడిస్తే సీసా. రెండు నిమిషాల పని.
కుట్లు లాగకుండా తల్లిని పక్కకి తిప్పి,
తలగడ సర్ది, పిల్ల నోరు తెరిచేదాకా ఆగి,
తల్లి భయం తీరేదాకా ఇంకాస్త ఆగి
పాలు పట్టించాలంటే ముప్పావుగంట.
నా దగ్గర ముప్పావుగంట ఎప్పుడూ లేదు.

"పాలు పడ్డాయా?"
డాక్టరుగారు గుమ్మంలోంచే అడిగారు.
ఆమె తల దించుకుంది.
అదే జవాబనుకున్నాం.

చీటీలో మొదటి వరస నొప్పి మాత్ర,
రెండోది ఐరన్,
మూడోది పాలడబ్బా.
మందుల కింద రాస్తే ఏదైనా మందే.
ఆయన చెప్పారు, రాసింది నేను,
గుండ్రంగా, ఎవరికైనా అర్థమయ్యేలా.

మూడో రాత్రి రెండింటికి పిలిచింది.
నైటీ ముందంతా తడి.
"ఇదేటమ్మా, సీమా?"
చీము కాదు, పాలని చెప్పాను.
పిల్ల సీసా తాగి నిద్రపోతోంది,
ఇప్పుడు లేపొద్దన్నాను.
తుడుచుకోమని
దూది ఇచ్చాను.

ఆమె తల వెనక గోడకి
తల్లిపాల వారోత్సవాల పోస్టరు.
ప్లాస్టరు ముక్కలతో అంటించిందీ నేనే.

వానలు పడ్డాక పలాసలో
మందుల షాపు ముందు కనబడింది.
చంకలో పిల్ల. ఆరో నెలట.
డబ్బా మొదట్లో వారమే వచ్చేదట,
ఇప్పుడు పన్నెండు రోజులొస్తోందట.
"నీల్లు కాసింత ఎక్కువ కలిపితే సరిపోతాది గదా!"
ఏదో గెలిచినట్టు చెప్పింది.
డబ్బాకి ఎన్ని కేజీల పిక్కలు కొట్టాలో
మళ్ళీ నల్లబడిన వేళ్ళ మీద లెక్కేసి చూపించింది.

డ్యూటీలో లేను, అయినా
పిల్ల మణికట్టు పట్టుకున్నాను.
నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
ఇంకా చాలా చోటు మిగిలింది.

ఏదో చెప్పబోయాను.
ఈలోగా షాపతను ఏం కావాలని అడిగాడు.
పర్సులోంచి మడతల దగ్గర చిరిగిన కాగితం తీసి
ఆమె అతనికిచ్చింది.
నా గుండ్రటి అక్షరాలు
అతనికి ఇట్టే అర్థమయ్యాయి.