ఒకే మబ్బు

షాహీనా, మౌసు కాసేపు పక్కన పెట్టు.
కింద జిరాక్సు మిషను మూలుగుతోంది,
కరెంటు పోయేలా ఉంది.
చేసిందంతా సేవ్ చేసి ఇటు చూడు.

కమలానగర్లో ఈ గదికి అద్దె కడుతున్నవి
నేను సరిచేసిన గదులే.
సరిచేయడమంటే ఏమిటో తెలియని రోజుల్లో
నీడ కనిపిస్తే మురికి అనుకునేదాన్ని.
ఓ పడకగదిలో మంచం కింది నీడ తుడిచేశాను.
మంచం బెత్తెడు పైకి లేచి
గాలి సోకినట్టు నిలబడిపోయింది.
బరువున్న దేనికైనా
కింద కాస్త చీకటి ఉండాలని
ఆ మంచమే చెప్పింది నాకు.

గుత్తి రోడ్డులో ఒక పాత ఇల్లు,
హాలంతా తాడిపత్రి బండలు.
ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా వేసుకోకుండా
వాలిన వీపుకే తెలిసే నలుపు అది.
వెలుతురు పెంచీ పెంచీ
దాన్ని సుద్దముక్క చేశాను.
"మార్బుల్ మాదిరుందే!" అన్నాడు బ్రోకరు చంద్రాయుడు.
చూడ్డానికొచ్చినామె చెప్పులు విడిచి
అరికాలు ఆనించి,
ఫోనులో బొమ్మ చూసి, మళ్ళీ నేల చూసి
"ఇంత మంచి బండకు
సున్నం కొట్టిందెవరమ్మా?" అంది.

పదడుగుల వంటిల్లు పెద్దగా కనబడాలని
వైడు లెన్సుతో తీసుకొచ్చాడు బాషా.
గోడలు తాగినోడి భుజాల్లా లోపలికి వాలినాయి.
నిటారుగా లాగాను,
గ్యాసు సిలిండరు గుమ్మడికాయయింది.
ఇంకో ఇంట్లో బీరువా అద్దంలో పడ్డ బాషాను
ఓపిగ్గా, వెంట్రుక వెంట్రుకా చెరిపి
మూడుకాళ్ళ స్టాండును మాత్రం మరిచిపోయాను.
ఆ ఇల్లు కొన్నాయన ఇప్పటికీ
కనిపిస్తే అడుగుతాడు, స్టాండు బాగుందా అని.

ఇవన్నీ నవ్వుకునే తప్పులు.

మన కిటికీల్లో ఆకాశం
తెల్లగా కాలిపోతుంది కదా,
కెమెరా కంటికి అది ఉత్త ఖాళీ.
ఖాళీ అమ్ముడుపోదన్నాడు చంద్రాయుడు.
నెట్టులో ఊరికే దొరికిన మబ్బొకటి,
ఏ దేశపుదో, ఎవరి పంట మీదిదో,
తెచ్చి అతికించాను.
రాంనగర్లో రెండు ఫ్లాట్లకు,
రుద్రంపేటలో ఒక మేడకు,
బుక్కరాయసముద్రం దగ్గర పదకొండు విల్లాలకు,
తూరుపు కిటికీలో అదే, పడమటి కిటికీలో అదే.
ఒక్కరూ పట్టుకోలేదు.

తిప్పేస్వామి వచ్చేవరకు.

కల్యాణదుర్గం అవతల ఊరు ఆయనది.
ఆరు బోర్లు వేయించి, ఆరింట్లోనూ దుమ్ము చూసి,
కూతురి నర్సింగు కాలేజీకి దగ్గరగా
రెండు గదులు చాలన్నాడు.
గదులు చూడలేదు. కిటికీ మీద వేలు పెట్టాడు.
"ఈ మోడం యాపొద్దు పట్టె తల్లీ?"
"జూన్ పదకొండునండీ," ఫోటో తేదీ చూసి చెప్పాను.
"పదకొండా?
ఆపొద్దు సెనిక్కాయ ఇత్తనం ముందర పెట్టుకోని
గెనెం మీదే కూసోనుంటినే.
మాకాడికి రాల్యా.
యా దిక్కుకు పాయ?"

అనుమానం లేదు ఆ గొంతులో.
తప్పిపోయిన ఎనుమును అడిగినట్టు అడిగాడు.
నా నాలుక కదల్లేదు.
చంద్రాయుడే అందుకున్నాడు:
"కదిరి పక్క పోయిందిలేప్పా."
ఆయన తల ఊపాడు.
"పోనీలే, కదిరోల్లకన్నా పడింటాది."
అప్పుడు అడిగాడు, బాత్రూములో నీళ్ళొస్తాయా అని.

అందుకే షాహీనా,
కిటికీలో తెలుపుంటే తెలుపుగానే వదిలెయ్.
చంద్రాయుడు కసురుకుంటాడు, కసురుకోనీ.
గ్రిల్లు చుట్టూ దేవుడి పటంలో మాదిరి
వెలుగు అంచు రాకుండా చూసుకుంటే చాలు.

ఆ మబ్బు ఇంకా డీ డ్రైవులోనే ఉంది.
పొద్దున తీసేద్దామని నొక్కాను.
నిజంగా తీసెయ్యాలా, అని అడిగింది కంప్యూటరు.
బయట జూన్ నెల.
చెయ్యి రాలేదు.