వెనక సీటు కింద

ప్వెబ్లాలో ఎలిసేయో పాత బీటిల్‌కి
బ్యాటరీ ఇంజిన్ పక్కన ఉండదు,
మనుషుల కింద ఉంటుంది.

అది చచ్చిన రోజు కొట్టుకెళ్ళి
చవకది చూపించి "ఎంత ఎత్తు?" అన్నాడు.
ఒర్తెన్సియా టేపు తీయలేదు.
"వెనకాల ఎవరు కూర్చుంటారు?" అంది.

పొద్దున ఇద్దరు పిల్లలు, సగం నిద్రలో.
మధ్యాహ్నం మొక్కజొన్న బస్తా.
ఆదివారం మా అత్తగారు, క్రెసెన్సియా.

"అయితే ఇది వద్దు.
ఆవిడ బరువుకి స్ప్రింగు దిగి
ఈ గుబ్బని ముట్టుకుందంటే
సీట్లో పీచుకి అగ్గిపుల్ల అక్కర్లేదు.
పైగా దీని ఆవిరి
పిల్లల ముక్కుల్లోకే."

ఆమె తెచ్చింది మూతల్లేనిది, సీలు వేసింది.
రెండు వేళ్ళు పొట్టి.
ధర మాత్రం పొడుగు.

జేబు తడిమాడు. ఇంకో జేబు.
"సగం నెలాఖరుకి" అన్నాడు.
ఆమె గోడమీద సుద్దతో రాసుకుంది.

ఇంటి ముందు
సైకిలు ట్యూబు ముక్క కోసి
ప్లస్ గుబ్బకి తొడిగాడు.
ముందు తను కూర్చున్నాడు, ఎగిరెగిరి.
తర్వాత అత్తగారికి తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆవిడ నింపాదిగా కూలబడి
శాలువా సర్దుకుని
"ఏమిటయ్యా, ఇవాళింత మర్యాద?" అంది.

అతను జవాబివ్వలేదు.
ఊపిరి బిగబట్టి
సీటు కింది నిశ్శబ్దాన్ని
వింటున్నాడు.