కుడివైపు అంకెలు

త్రియెస్తె రేవు పక్కన, గాజు గోడల హోటల్లో
పంతొమ్మిదేళ్ళుగా వైను పోస్తున్నాను.
ఇన్నేళ్ళలో నాకు బోధపడింది ఒక్కటే:
జాబితాని ఎవరూ ఎడమనుంచి చదవరు.
కుడివైపు అంకెల దగ్గర బయల్దేరి
పేరు దాకా వెనక్కి నడుస్తారు,
కరెంటు పోయిన ఇంట్లో
గోడ తడుముకుంటూ నడిచినట్టు.

ఆ రాత్రి బోరా గాలి
తలుపు తోసుకుని వాళ్ళతోపాటే లోపలికొచ్చింది.
దూయీల్యో, ఓడల యార్డులో వెల్డరుగా చేసి మానేసినవాడు,
కోటు పాతది, బొత్తాం అందలేదు.
పక్కన భార్య ఒందీనా.
ఎదురుగా డాక్టర్ కొషూత,
ఒందీనా కళ్ళలో శుక్లాలు తీసినావిడ.
ఫీజు ఎప్పుడో కట్టేశారు. ఇది కృతజ్ఞత.
దానికి రేటు కట్టడం ఎవరివల్లా కాదు,
మా జాబితాకి తప్ప.

తోలు అట్ట, పెళ్ళి ఆల్బమంత బరువు.
ఆయన వేలు కుడి అంచున జారుతూ
నూట తొంభై దగ్గర ఉలిక్కిపడి
గబగబా మెట్లు దిగింది.
అట్టడుగున ఆగితే పరువు తక్కువని
దానిపై మెట్టు మీద నిలబడింది.

అందరూ అక్కడే నిలబడతారు.
మా యజమానికి ఆ సంగతి తెలుసు.
గోదాములో ఎవరూ అడగని సరుకుని
సరిగ్గా ఆ మెట్టు మీదే కూర్చోబెడతాడు,
తొమ్మిది యూరోలకి కొని నలభై రెండుకి.

నేను దగ్గాను.
ఈ ఉద్యోగంలో నేను పలికిన
అతి నిజాయితీ గల మాట ఆ దగ్గే.

"పోనీ పై వాటిలో ఏది బావుంటుంది?"
అన్నాడు, గొంతు కాస్త పెద్దది చేసి.
పేరు గొప్ప ఊరు దిబ్బ అనలేను,
ఊళ్ళు కూడా గొప్పవే.
కాని ఆ సీసాల్లో సగం డబ్బు
ఊరి పేరుకి అద్దె.

అప్పుడు ఒందీనా జాబితా తనవైపు తిప్పుకుంది.

ఎనిమిదేళ్ళుగా ఆమెకి మెనూలు చదివింది ఆయనే.
చేపల పేర్లు, పులుసుల పేర్లు, చివర్లో తీపి.
ఒక్క అంకె కూడా ఎన్నడూ చదవలేదు.
ఇప్పుడు తనే చదువుతోంది, అద్దాలు లేకుండా,
పద్దు పుస్తకం పట్టుకున్న షావుకారులా.
"నూట తొంభై!" అంది పైకే.
"దూయీల్యో, మన ఫ్రిజ్జు ఇంతకంటే చవక."
పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు.
"మరి మన ముప్ఫయ్యో పెళ్ళిరోజున తాగినది ఎంత?"

ఆయన పైకప్పు వంక చూశాడు.
నేను తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాను.

ఆమె పేజీలు తిప్పుతూనే ఉంది.
ఆఖరి పేజీలో, అడుగున, చీమంత అక్షరాల్లో
మా వెనక కొండల మీది విటోవ్‌స్కా, నలభై ఆరు.
అది ఇరవై ఎనిమిదికి కొన్న సీసా.
యజమాని తమ్ముడి అత్తవారి తోట మరి,
లాభం వేయాలంటే మొహమాటం.
"ఇది," అని వేలు పెట్టింది.
ఎలా తెలిసిందని అడిగాను, ఉండబట్టలేక.
"ఇంత చిన్నగా రాశారంటే
మీరు అమ్మాలనుకోవడం లేదు కదా."

డాక్టరు కుర్చీలో సడలి కూర్చుంది.
"బతికించారు. ఎర్రది తాగితే నాకు తలనొప్పి.
ఎలా చెప్పాలా అని ఇందాకట్నుంచీ..."

పోశాను. దూయీల్యో గుక్క వేసి మొహం చిట్లించాడు.
అందని ద్రాక్ష పుల్లనంటారు,
అందినదీ పుల్లగానే ఉంది,
నాలుక అంచున ఉప్పుగాలిలా.
రెండో గుక్కకి నుదురు విప్పుకుంది.

ఒందీనా మాత్రం తాగలేదు ఇంకా.
గ్లాసు దీపానికి ఎత్తి పట్టుకుంది.
"ఇది ఇంత తెల్లనా?
ఇన్నాళ్ళూ నాకు తేనెరంగులో కనపడేది."
ఎవరూ ఏమీ అనలేదు.
బయట గాలికి తెరచాపల తాళ్ళు
స్తంభాలకేసి కొట్టుకుంటున్నాయి.

బిల్లు తెచ్చి ఎవరి ముందు పెట్టాలో తేలక ఆగాను.
ఒందీనా చెయ్యి చాచింది.