ఇనప సట్టి రంగు

మందలో అన్నీ నల్లవే.
ఒక్కటి తెల్లగా పుట్టింది,
ఎడమ చెవి మాత్రం పొయ్యిలో పెట్టి తీసినట్టు మసి.

తెల్లబొచ్చు కంబళికి పనికిరాదు,
కటికోనికి కబురు చెప్పండి అనింది మా అత్త.
ఆమె కండ్లకు పొరలొచ్చి ఆరేండ్లు.
తెల్లదని ఆమెకు చెప్పిందెవురో నాకు తెలుసు.
ఆ పూట రేవణ్ణ సంగటిలోకి పులుసు పొయ్యలేదు.

పలమనేరు అవతల మా ఊర్లో
బొచ్చు గొర్రెలు పెట్టుకున్నోళ్లు ఇప్పుడు మూడిండ్లే.
మిగతావాళ్లకు తూకానికొచ్చేవి కావాల,
మేకల మాదిరి నున్నగా, కత్తెర పని లేనివి.
కత్తెర పట్టే సిద్దలింగప్ప కూడా
బెంగులూరు లారీలకు టమాటా బాక్సులు ఎత్తతా ఉండాడు.
మూడుసార్లు కబురు పెడితే వచ్చినాడు,
కౌండిన్య మడుగులో మందను కడిగినాక.
నల్లబొచ్చు ఒక పక్క కుప్ప.
దానిదొక్కటీ నా చెంగులో.

విల్లు కొట్టి ఏకితే
సంగటి మీద ఆవిరి మాదిరి లేచింది.
కదురు తిప్పతా తిప్పతా అనుకున్నా:
దీనికి తంగేడుపువ్వు రంగు పెట్టాల.
నల్లకంబళి అంచులో ఒక్క గీత,
పొద్దుపొడుపు మాదిరి.

గుట్ట కింద పువ్వు కోస్తా ఉంటే
ఏనుగులు దిగిండాయని ఫారెస్టోళ్లు అరిచినారు.
సగం గంపతోనే పరిగెత్తినా.
పటిక అంగట్లో దొరికింది.
మట్టికుండలో కాయాల, అని
మా అత్త లోపల్నుంచి ఒకే ఒకసారి చెప్పింది.
కుండ పగిలి మూన్నెల్లాయ.
ఇనప సట్టి పెట్టినా.

ముందు పసుపే తేలింది. నిజంగానే తేలింది.
బిడ్డను పిలిచినా చూడమని.
బిడ్డ వచ్చేలోగా మారింది.
గొడ్లు తాగే తొట్టి అడుగున
ఎండబడినప్పుడు పాకుడు చూసిండారా, ఆ రంగు.
పొద్దు పొడిచేదీ కాదు, మునిగేదీ కాదు.

పారేయడానికి మనసొప్పలేదు.
చింతగింజల గంజి కాసి
పడుగుకు కుంచెతో పట్టించినా.
రేవణ్ణ గుంటలోకి కాళ్లు దించి కూర్చున్నాడు.
నాడె పోతుంది, వస్తుంది.
పులుసు లేని పూట నుంచీ మాటల్లేని ఇంట్లో
ఏదో ఒకటి అటూ ఇటూ పోవాల కదా.
అంచు దగ్గరికొచ్చినాక పాకుడు నూలు చేతికిచ్చినా.
ఒక చూపు చూసి ఏమీ అనకుండా నేసినాడు.
నాలుగు పోగులు అడిగింటే ఏడు వేసినాడు.

సంతలో బేరగాడు కంబళి విదిలించి
గీత దగ్గర ఆగినాడు.
దేవుని గద్దెకు పరిచేది, మచ్చ ఉండకూడదన్నాడు.
మచ్చ కాదు, గీత అన్నా.
రెండొందలు తగ్గించమన్నాడు.
మడిచి చంకన పెట్టుకోని బస్సెక్కినా.

ఆ రాత్రి చలికి మా అత్త మీద కప్పినా.
కొత్త కంబళి ఏదైనా సరే
ఆమె వేళ్లు ఈ కొసనుంచి ఆ కొసకు నడస్తాయి,
ముడి యాడుందో, ఏ పోగు వదులో.
నడిచి నడిచి అంచు దగ్గర నిలిచినాయి.
"ఇది మెత్తన. ఇది ఆ తెల్లదానిది."
నేను ఔననలేదు, కాదనలేదు.
"ఏం రంగు?"
పాకుడని చెప్పడానికి నోరు రాలేదు.
పసుపే అత్తా, అన్నా.
"కుండ పగిలింది కదే" అనింది.
అనేసి, గీత ఉన్న పక్కను గడ్డం కిందికి లాక్కుంది.

దొడ్లో తెల్లది దగ్గతా ఉంది,
ఒంటిమీద బొచ్చు లేక.
లేచి ఎరువు సంచి ఒకటి చించి కప్పినా.
లాంతరు వెలుతుర్లో దాని వీపు మీద
కంపెనీ పేరు, పసుపుగా,
ఎన్ని వానలకు తడిసిందో ఆ సంచి,
అచ్చం నాకు కావాల్సిన పసుపుగా.