అరవై ఒక్క రోజులు

ఏప్రిల్ పదిహేను. ఓడలరేవులో బోట్లన్నీ
వైనతేయ ఒడ్డెక్కి ఒక పక్కకి ఒరిగాయి.
అరవై ఒక్క రోజులు వేట లేదు.
నాకు మాత్రం పని మొదలు.

ముందు నడుం.
ఇసక నింపిన పెయింటు డబ్బా, మోకు,
పాక దూలం మీదుగా పైకీ కిందకీ.
"చేత్తో లాగకురా," అంటాడు మల్లాడి నూకతాత
అడ్డపొగ చుట్ట నోట్లోనే తిప్పుకుంటూ,
"చెయ్యి గంటకే ఏడుస్తుంది,
తొడ పొద్దుగూకేదాకా నోరెత్తదు.
మోకాళ్ళు వంచు. కుర్చీ లేనిచోట కూర్చో."
కూర్చున్నాను,
కొబ్బరిచెట్టు నీడ నా మీంచి దాటి
పక్కింటి కోళ్ళగూటి మీదికి పాకేదాకా.

పోయినేడు కొమ్ముకోనం ఒకటి
రెండొందల గజాల దారం లాక్కుపోయింది.
నేను బెదిరి బ్రేకు బిగించేశాను.
రాడ్డు నడిమికి విరిగింది, చెరుకుగడలా.
ఆ చప్పుడు ఇప్పటికీ అన్నం కలుపుతుంటే వినిపిస్తుంది.
భుజం నొప్పి నయం,
ముసురు పట్టినప్పుడే వస్తుంది.

అందుకే ఈసారి కాటా.
చేపలమ్మే లంకె బంగారిని బతిమాలి తెచ్చి
దారం కొసన తగిలించి లాగి చూశాను.
ముప్పై కిలోలు ఆపే దారానికి
పది దగ్గరే రీలు జారాలి.
పదకొండు చూపించింది. అర చుట్టు వదిలాను.
తొమ్మిదిన్నర. చాలు.
"చేపల్ని తూచే కాటా మీద
నీ భయం తూచుకుంటున్నావేంటయ్యా," అంది బంగారి.
అద్దె కింద నాలుగు బొండాలు పుచ్చుకుంది.

ఇక ఎర.
నిజానికి అది ఎర కాదు, అబద్ధం.
కాకినాడ కొట్లో తళతళలాడేవి వేలాడదీశారు,
ఒక్కోదాని ధరకి మేకపిల్ల వస్తుంది.
నేను నిద్రగన్నేరు కొమ్మ చెక్కాను,
కడుపులో సీసం కరిగించి పోశాను,
తోకకి పందెంలో ఓడిన డేగ ఈకలు కట్టాను.
లాకుల కింద, నీళ్ళు సుడి తిరిగేచోట వదిలితే
మొదటిది వెల్లకిలా తేలింది.
రెండోది తాగినవాడిలా గింగిరాలు కొట్టింది.
మూడోది తిన్నగా పోతూ పోతూ
కొంచెం కుంటింది,
అచ్చం దెబ్బతిన్న కానాగంతలా.
అబద్ధానికి ఈత వస్తే సరిపోదు,
కాస్త కుంటాలి.

మూడు ముళ్ళ గాలం తీసేసి ఒంటి ముల్లు వేశాను.
మా పెదనాన్న చూపుడువేలు ఎలా పోయిందో
రేవులో ఎవరినడిగినా చెబుతారు.

నలభయ్యో రోజు మా హేమశ్రీ
"చేప నేనవుతా," అంది.
తొమ్మిదో తరగతి. స్కూలు కబడ్డీ టీములో రైడరు.
నడుముకి తువ్వాలు చుట్టి దారం ముడేస్తే
సముద్రం వైపు ఉరికింది.
రీలు కీచుమంది. నేను లేని కుర్చీలో కూర్చున్నాను.
ఎత్తు, దించుతూ చుట్టు. ఎత్తు, దించుతూ చుట్టు.
వస్తోంది, బరువుగా, ఇసక దున్నుకుంటూ వస్తోంది
అనుకునేసరికి ఠక్కున వెనుదిరిగి
నేరుగా నా మీదికే పరిగెత్తుకొచ్చింది.
దారం వదులై ఇసకలో పడిపోయింది.
నా చేతుల్లో ఏ బరువూ లేదు.
పిచ్చిపట్టినట్టు చుట్టాను. అందలేదు.
అప్పటికే నా మోకాలు తాకి
"అవుట్," అంది రొప్పుతూ.
నూకతాత నవ్వుకి చుట్ట జారి పంచె కాలింది.

లాక్కుపోయేదాన్ని ఆపడానికే
నలభై రోజులు ఒళ్ళు వంచాను.
మీదికొచ్చేదాని ఊసే ఎత్తలేదు.

మిగిలిన రోజులన్నీ వేగంగా చుట్టడమే.
మణికట్టుకి ఆవనూనె, రాత్రి గంజి, ఉదయం గంజి.
అది పరిగెడుతుంది, తిరగబడుతుంది,
ఒక్కోసారి ఊరికే నిలబడి చూస్తుంది.
అదే అన్నిటికంటే కష్టం.

జూన్ పద్నాలుగు. అర్ధరాత్రికి నిషేధం తీరుతుంది.
ముడి ఉమ్మితో తడిపి బిగించాను.
హేమశ్రీ అందుకుని, చేతికి గుడ్డ చుట్టుకుని,
నన్ను చూడకుండా రెండుసార్లు గుంజి ఇచ్చేసింది.
నేనూ వస్తానని అడగలేదు.
గుమ్మం దగ్గర నా చెప్పుల పక్కన
తన మోకాలి తొడుగులు పెట్టి పడుకుంది.

పడవలో ఇద్దరికే చోటు.
అరుగు మీద నూకతాత చుట్ట వెలుగుతూ ఉంది.
ఆయనకి ఎలా చెప్పాలా అని
ఇందాకట్నుంచీ ఖాళీ రీలు తిప్పుతున్నాను.