అద్దె లేని బడి

నలభై రెండు పాఠాలు.
ఇంజను విప్పడం దగ్గర మొదలుపెట్టి
తుఫాను కబురు అర్థం చేసుకోవడం దాకా
అన్నీ నా ఫోన్లోనే తీశాను,
చేపలరేవులో, జెట్టీ మీద,
వెనకాల వేలంపాట గొంతులతో సహా.

ఇప్పుడు వీటికో ఇల్లు కావాలి.
అద్దె ఇచ్చుకోలేను.

మార్చి నెల, రాత్రి పదిన్నర.
కంచరపాలెంలో కరెంటు ఇప్పుడే వచ్చింది.
చీటీల పుస్తకం వెనకపేజీలో గీతలు కొట్టి
ఒక్కో ఉచిత సర్వరు గుణగణాలు రాస్తున్నాను,
పాతికేళ్ల కిందట అల్లిపురంలో
గది కోసం తిరిగినట్టే.

మొదటివాడు ధారాళమైన మనిషి.
చోటు బోలెడంత ఇస్తానంటాడు.
కాకపోతే గోడల నిండా వాడి ప్రకటనలు.
గేరుబాక్సు పాఠం మధ్యలో
పేకాటకి రమ్మని కన్నుకొడుతుందొక బొమ్మ.
మా కుర్రాళ్లకి ఆ పాఠం
ఒకరు చెప్పక్కర్లేదు.

రెండోవాడు ఏడాదిపాటు పైసా అడగడు,
కార్డు నంబరు మాత్రం ముందే రాసిమ్మంటాడు.
అల్లిపురం ముసలాయనా అంతే,
"అడ్వాన్సెందుకు బాబూ,
నీ సర్టిఫికెట్లు నా బీరువాలో ఉంటాయి" అన్నాడు.

మూడోవాడింట్లో యాభైమందే కూర్చోవాలి.
యాభై ఒకటో మనిషిగా ఎవర్ని నిలబెట్టను?
తెడ్డు ఎర్రయ్య కొడుకునా,
తమ్ముడి ఫోన్లో తనూ వింటానన్న మాసేనమ్మనా?

నాలుగోవాడికి నిద్రజబ్బు.
పావుగంట ఎవరూ తలుపు తట్టకపోతే ముసుగు తన్నేస్తాడు.
లేపితే లేస్తాడు, ఆవలించి, ఒళ్లు విరుచుకుని.
అప్పటికి మా వాళ్లు ఫోను జేబులో పెట్టేస్తారు.

ఐదోవాడు బాగున్నాడు.
ప్రకటనల్లేవు, తలలు లెక్కపెట్టడం లేదు,
పాఠం చివర పరీక్ష కూడా పెట్టుకోవచ్చు.
దాదాపు సరేననేశాను.
అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం:
తొంభై రోజులు ఎవరూ రాకపోతే తుడిచేస్తాం.

అక్కడ ఆగిపోయాను.

మా బడికి ఏడాదంటే అరవై ఒక్క రోజులు.
ఏప్రిల్ మధ్యలో వేట ఆపేశాక
బోట్లు కట్టేసి, వలలు కుట్టుకుంటూ,
చెవిలో తీగ పెట్టుకుని వింటారు.
జూన్ మధ్యలో ఒక అర్ధరాత్రి
తరగతి తరగతంతా సముద్రంలోకి వెళ్లిపోతుంది.
డాల్ఫిన్ నోస్ దాటి కాస్త పోతే సిగ్నలుండదు.
పదిహేనేసి రోజుల వేట,
ఒడ్డుకొస్తే రెండు రోజులు మొద్దునిద్ర.
ఎవడు చదువుతాడు?

రాకపోవడం అంటే లేకపోవడం కాదని
ఏ దేశంలోనో ఉన్న యంత్రానికి ఎలా చెప్పను?
జాలారిపేటలో ఒక మనిషి
పద్దెనిమిది రోజులకి తిరిగొచ్చాడు, ఓ తుఫానేడు.
అన్ని రోజులూ ఆ ఇంట్లో
అతని కంచం కడిగి బోర్లించారు.
రేషను కార్డులో పేరు కొట్టించమని
ఎవరూ అనలేదు.

మర్నాడు ఐసు ఫ్యాక్టరీ దగ్గర
గరికిన దేశమ్మకి ఈ గోలంతా చెప్పాను.
నా దగ్గర ఇంజను విప్పిన ఒకే ఒక్క ఆడమనిషి.
దిమ్మల లెక్క రాసుకుంటూనే వింది.
"ఆ ఐదోవోడినే కాయం సేసీండి మాస్టారూ.
తెల్లారగట్ల మూడింటికి నాను రేవుకొత్తాను కదా,
రోజూ ఓపాలి తలుపు కొడతాను.
టీ సల్లారీలోపు అయిపోయే పని."

"పండగలకో? జొరమొస్తేనో?"

"ఐసుకి పండగేటి మాస్టారూ."

చీటీల పుస్తకంలో ఆఖరి గడికి
ఏం పేరు పెట్టాలో తెలీక వదిలేశాను.

ఇప్పుడు సెప్టెంబరు.
తొంభయ్యో రోజు వచ్చింది, వెళ్లింది.
వచ్చినవాళ్ల లెక్క చూస్తే రోజుకి ఒకటి.
మూడూ ఎనిమిది. మూడూ పదకొండు.
నిన్న మాత్రం మూడూ నలభై.
వాన అయ్యుంటుంది.

తలుపు కొట్టి పోయిందనే అనుకున్నాను.
ఏడో పాఠం, గేరుబాక్సు,
సగందాకా విన్నట్టు చూపిస్తోంది.