వేలెడు బయటికి

పేరు పెట్టినోడెవడో గాని
కండ్లు బాగున్నయి వానికి.
నా నడుము మీది ఎర్రటి చుట్టును చూసి
తామర అన్నడు.
నీళ్లు లేవు, కాడ లేదు,
పెట్రోల్ బంకుల పన్నెండు గంటలు నిలబడే మనిషికి
బెల్టు కింద చెమటల పూసింది.

మొదలు రూపాయి బిళ్లంత.
బోనాలకు అరచేయంత.
ఎండుగడ్డికి నిప్పంటినట్టు
నడుమ ఆరుకుంట, అంచున రగులుకుంట
ఉప్పల్ రింగు రోడ్డు లెక్క
లోపల ఖాళీ, చుట్టూ రద్దీ.

గోకుడు గురించి చెప్పాలె.
"జీరో చూడండి సార్" అంటనే
మోచేతితోని నడుము రుద్దుకునుడు.
బైకు అయితే నిమిషంల అయిపోతది.
లారీ వచ్చి డీజిల్ పోయించుకుంటే
ఆ రెండు వందల లీటర్లు
ఒక యుగం.

డాక్టర్ కాడికి పోతే చూపియ్యాలె.
చూపియ్యాలంటే విప్పాలె.
విప్పేదానికి ఐదు వందలు గట్టి లైన్ల కూసోవాలె.
అందుకే అందరి లెక్కనే
మెడికల్ షాపు అద్దం మీదికి వంగి
మెల్లగ అన్న:
"దురదకు ఏమన్న ఇయ్యి అన్నా."
మొయిజ్ భాయ్ తల ఎత్తలేదు. ఎక్కడ అని అడుగలేదు.
ఆ అడుగకపోవుడే ఆయన మర్యాద.
ఆ మర్యాదనే నా కొంప ముంచింది.

మూడు మందులు కలిపిన ట్యూబు.
మూడు దినాలల్ల మాయం.
ట్యూబుకు దండం పెట్టిన.
పన్నెండో దినం
ఒకటి పోయిన కాడ నాలుగు.

అంతకుముందు చేసినవి దాసుడెందుకు?
నిమ్మకాయ రుద్దితే కండ్లల్ల నీళ్లొచ్చినయి.
ఎల్లిపాయ నూరి కడితే బొబ్బ లేసింది,
తామర నవ్వింది.
సుగుణ వాళ్ల నాయనమ్మ ఫోన్ల చెప్పిందని
మెట్టతామర ఆకు కోసం
రామంతపూర్ చెరువు కట్ట మొత్తం తిరిగిన.
డెయిరీ గోడ ఎనుక దొరికింది,
పసుపు పూల గుత్తులు నిలబెట్టుకుని.
రోగానికీ అదే పేరు, మందుకూ అదే పేరు.
ఎవరిని పిలిస్తె ఎవరు పలుకుతున్నరో
తెల్వకుంటైంది.

ఒకనాడు కౌంటర్ల మొయిజ్ భాయ్ లేడు.
బిడ్డ ఉన్నది, సబీహా, ఫార్మసీ సదువుతది.
ఆమె అడిగింది.
ఎక్కడ? ఎన్నాళ్ల సంది? ఏం రాసినవ్?
నా ట్యూబు మీది చీమ అక్షరాలు సదివి
వాళ్ల నాయన అమ్మినదాన్నే
చెత్తడబ్బల ఏసింది.
"ఇది దురదను పండవెడ్తది అక్కా.
తామరకు మాత్రం పాలు తాపుతది."

సాదా మందు ఇచ్చింది, ఒక్కటే మందు.
పొద్దుగాల, రాత్రి.
అంచు దాటి వేలెడు బయటికి రాయాలె.
తువ్వాల ఎవరిది వాళ్లదే.
బట్టలు తిరగేసి ఎండల ఆరెయ్యాలె.
పోయిందనుకున్నంక కూడ రెండు వారాలు ఆపొద్దు.
"నెలకు తగ్గకుంటే
సిగ్గు ఇక్కడ పెట్టి డాక్టర్ కాడికి పో" అని
అద్దం మీద వేలుతోని కొట్టి చూపింది.

ఎండ!
శ్రావణంల ఈ పట్నంల ఎండ
ఏ షాపుల దొరుకుతది?
బిల్డింగు మీద తీగెలన్నీ ఓనరమ్మవే.
ఒక మూర అడుక్కున్న.
యూనిఫాం ప్యాంటు తిరగేసి ఏస్తే
జేబులు చెవుల లెక్క బయటికి వేలాడినయి,
బస్తీ మొత్తం నా నడుము చూసినట్టయ్యింది.
ఎవరూ చూడలేదు.
ఎవరి గోకుడు వాళ్లకున్నది.

తువ్వాల మాట సుగుణకు చెప్పుడే కష్టమైంది.
మూడేండ్ల సంది ఒక్క రూము, ఒక్క సబ్బు, ఒక్క తువ్వాల.
"నాది నాకు వేరే గావాలె" అంటే
మొఖం తిప్పుకున్నది.
లైటు బందు జేసినంక
చీకట్ల గోళ్ల సప్పుడు ఇన్న.
సర్, సర్. ఆగి, మళ్ల సర్.
"నీక్కూడనా?"
"ఆర్నెల్ల సంది" అన్నది, గోడతోని.

ఇప్పుడు నాకు ఏం లేదు.
మచ్చ ఒక్కటి, చాయ్ ఒలికినంత.
అయినా పొద్దుగాల, రాత్రి
ఏం లేని కాడ మందు రాస్తున్న.
ఉన్నదానికి రాసుడు అలకనే.
లేనిదానికి రాసుడే బరువు.

ఇయ్యాల ట్యూబును చపాతీ కర్రతోని ఒత్తి,
కత్తెరతోని నిలువునా కోసిన.
లోపల ఇంకా రెండు పూటల తెలుపు ఉన్నది.
సుగుణ అటు తిరిగి కూసున్నది.
"లైటు ఎయ్యి" అన్నది,
"నాకు అందదు ఆడ."